వరండా మూసిన వానాకాలం

మా మామగారు మా ఇంట్లోకి రారు. రోజూ వస్తారు, కానీ లోపలికి రారు. కొత్తవాళ్లకి ఈ మాట చెబితే నా ముఖం వంక అదోలా చూస్తారు గానీ మా వీధిలో అందరికీ తెలిసిన సంగతే.

సాయంత్రం ఎండ ఎదురింటి గోడ మీదికి ఎక్కే వేళకి ఆయన వచ్చి, మా వరండాలో గోడకి ఆనించిన చెక్క కుర్చీలో కూర్చునేవారు. నా భార్య కుట్టుపని ముందేసుకుని గుమ్మంలో గడప మీద కూర్చునేది. టీ గ్లాసు లోపలి నుంచి బయటికి వెళ్లేది, ఖాళీ గ్లాసు బయటి నుంచి లోపలికి వచ్చేది. మనిషి మాత్రం రాడు.

"గడప మీద కూర్చోకూడదే" అని నేను చెబుతూనే ఉండేవాణ్ణి.

"మరెక్కడ కూర్చోమంటారు? మీ ఇల్లు ఇటు, మా నాన్న అటు" అనేది.

ఇదంతా ఒక తలుపు వల్ల వచ్చింది. ఆయన వడ్రంగి. మేం ఈ ఇల్లు కట్టుకునేటప్పుడు ఆయన వేళ్లు వాచి ఉన్నాయి, ఉలి పట్టుకుంటే ముఖం చిట్లించుకునేవారు. పెద్దాయన్ని ఎందుకు శ్రమపెట్టాలని నేను దుకాణానికి వెళ్లి గుమ్మమూ తలుపూ కొనుక్కొచ్చాను. ఆయన వచ్చి చూశారు. తలుపు మీద అరచెయ్యి పెట్టారు, వేలితో రెండుసార్లు తట్టి చూశారు. "దేవుడి మీద ఒట్టు. ఈ గడప నేను దాటను" అన్నారు. ఆ రోజు నుంచి నన్ను 'ఏమయ్యా' అని పిలవడం మానేసి 'అల్లుడుగారూ' అనడం మొదలుపెట్టారు. ఒట్టు కంటే ఆ మర్యాదే నాకు ఎక్కువ గుచ్చుకునేది.

అత్తగారు పోయాక ఆయన పనిచేసుకునే షెడ్డు వెనకాల గదిలో ఒక్కరే ఉంటున్నారు. నా భార్య ఎప్పుడైనా అక్కడికి వెళ్లినా ఆయన పని ఆపరు. రంపం మోతలో మాటలేం వినపడతాయి? ఆ తండ్రీ కూతుళ్లు మాట్లాడుకునేది మా వరండాలోనే, ఆ సాయంత్రం పూటే. పుట్టింటి నుంచి నా భార్యకి మిగిలింది కూడా అదొక్కటే.

ఆ ఏడు మొదటి వాన ఏటవాలుగా కొట్టింది. వరండా అంతా నీళ్లు. నేను పంపుహౌసులో డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చుని గొడుగు వేసుకుని ఉన్నారు, కప్పు కింద గొడుగు. మోకాళ్ల దాకా తడిసిపోయారు.

"లోపలికి రా నాన్నా, ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అంటోంది నా భార్య.

"చిన్నపిల్లల ఆట కాదే తల్లీ" అన్నారాయన.

నేను దేవుణ్ణి నమ్మి బతికేవాణ్ణి. పొద్దున్నే దేవుడి ముందు కూర్చోకుండా పంపు స్విచ్చి మీద చెయ్యి వెయ్యను. ఒట్టు తప్పమని ఒక మనిషికి ఏ నోటితో చెప్పను? అలాగని తడవమని ఎలా చెప్పను?

ఆయనకి దగ్గు పట్టుకుంది. అది తగ్గేలోపే నా భార్య తేల్చేసింది. "వరండా మూయించండి. చుట్టూ గోడ, కిటికీలు, ముందో తలుపు. వానలో చలిలో మా నాన్న హాయిగా కూర్చోవాలి."

నాకు ఎంతో నచ్చింది. ఒట్టూ ఉంటుంది, మనిషీ తడవడు. ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అనుకున్నాను.

మేస్త్రీ వచ్చాడు. నోరు ఎక్కువ, పని మంచిది. ఇటుక పేర్చడం మొదలుపెట్టిన రోజు సాయంత్రమే మామగారు తన కుర్చీని వరండా మధ్యకి లాక్కుని అధికారం చేతిలోకి తీసుకున్నారు.

"ఆ కిటికీ కిందికి దింపవయ్యా. కూర్చుంటే వీధి కనపడాలి."

"కిటికీ అంటే నిలబడి చూసేది కదా తాతా."

"నీ ఇంట్లో నిలబడి చూసుకో."

మేస్త్రీ నా వైపు తిరిగి, "ఈయన మీ మామగారా సార్, మీ మీద వేసిన ఇంజనీరా?" అన్నాడు.

"రెండూ" అన్నాను.

మామగారు నవ్వలేదు గానీ కాదని కూడా అనలేదు. గోడలు ఆయన చుట్టూ రోజు రోజుకీ లేస్తున్నాయి. ఆయన ఇటు జరిగితే అటు కడుతున్నారు, అటు జరిగితే ఇటు. కూతురితో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో తాపీ పట్టినవాడి మీద కేకేసేవారు. నా భార్య ముఖంలో అంత వెలుగు చూసి చాలా కాలమైంది.

కిటికీల దాకా లేచాక ఒక సాయంత్రం అడిగారు. "గుమ్మం మాటేమిటి అల్లుడుగారూ? మళ్లీ దుకాణానికేనా?"

"మీరు చేస్తారా మామగారూ?"

ఆయన తన వేళ్లు ముడిచి చూసుకున్నారు, విప్పి చూసుకున్నారు. టీ చివరి గుక్క దాకా తాగి గ్లాసు కింద పెట్టారు. తర్వాత, "ఇది వరండాయే కదా?" అన్నారు.

"అవునండీ."

"మూసినా వరండాయే కదా?"

"వరండా కాక ఇంకేమవుతుంది మామగారూ?"

"అదే అడుగుతున్నా" అని లేచి వెళ్లిపోయారు. మర్నాడు టేపుతో వచ్చి గుమ్మం కొలతలు తీసుకున్నారు. ఆ ప్రశ్న ఎందుకు అడిగారో నాకు బోధపడలేదు. కొలత కోసమేమో అనుకున్నాను.

గుమ్మం బండి మీద వచ్చిన రోజు నాకు సెలవు. నా భార్య తను పనిచేసే టైలరింగ్ షాపుకి వెళ్లింది. మామగారు తలుపు చిత్రిక పట్టుకుంటూ షెడ్డులోనే ఉండిపోయారని బండివాడు చెప్పాడు. గుమ్మం దించి గోడకి ఆనించాం. చూస్తే కడుపు నిండిపోయింది. రెండు నిలువు చెక్కలూ అద్దంలా ఉన్నాయి. పైన అడ్డచెక్క మీద సన్నటి తీగ చెక్కారు. ఆ వాచిన వేళ్లతో ఎలా చెక్కారో!

మేస్త్రీ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. "సార్, దీనికి గడప లేదు."

నిజమే. మూడు వైపులే ఉన్నాయి. కింద ఖాళీ. నిలువు చెక్కల చివర్లు నల్లగా తారు పూసి ఉన్నాయి.

"మరిచిపోయినట్టున్నాడు తాత" అన్నాడు మేస్త్రీ.

నాకూ అలాగే అనిపించింది. ఈ మధ్య ఆయన కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని కళ్లజోడు కోసం వెతుకుతున్నారు. పాపం, అంత పనీ చేసి కిందిది మరిచిపోయారు. వెళ్లి చెబితే ఎంత చిన్నబుచ్చుకుంటారో! అప్పుడొక తలుపుతో నొప్పించాను, ఇప్పుడొక గుమ్మంతో నొప్పించాలా? అలాగని వీధి గుమ్మానికి గడప లేకుండా వదలడానికి నాకు మనసొప్పలేదు. మా అమ్మ బతికున్నన్నాళ్లూ ముందు గడప కడిగి ఆ తర్వాతే ముఖం కడుక్కునేది.

కలప అడితికి వెళ్లి మంచి చెక్క ఒకటి ఏరి కోయించుకొచ్చాను. నిలువు చెక్కల చివర్లు కాస్త కోసి, గడప కింద బిగించి గుమ్మం నిలబెట్టాడు మేస్త్రీ. గడప దిగేటప్పుడు నేను కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. ఈ ఇంట్లోకి వచ్చేవాళ్లు చల్లగా రావాలి, వెళ్లేవాళ్లు చల్లగా తిరిగి రావాలి అని.

నా భార్య షాపు నుంచి వచ్చి, కొత్త గడప దాటి, తీగ మీద వేలు పెట్టి చూసుకుంది. జరిగింది చెప్పాను. "మీ నాన్నకి చెప్పకు, ఆయనకే తెలియకుండా సర్దేశాను" అన్నాను.

"పాపం నాన్న" అంది. నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలింది. ఆ రోజంతా నేను గాలిలో తేలుతూనే ఉన్నాను.

మర్నాడు సాయంత్రం తలుపు వచ్చింది. బండి పక్కనే మామగారు నడిచి వచ్చారు, దారి పొడవునా తలుపు మీద చెయ్యి వేసుకునే. మెట్టు దగ్గర ఆగారు. పైకి చూడలేదు, కిందికే చూశారు. బండివాడు తాళ్లు విప్పి చుట్టుకోవడం కూడా అయిపోయింది, ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు.

"తలుపు పట్టదు" అన్నారు.

కింద గడప ఎత్తు వచ్చింది కదా, తలుపు ఆ మేరకి పొడుగైంది. అది అప్పటిదాకా నాకు తోచనే లేదు. చప్పున సర్దాలనుకున్నాను. "కింద కాస్త కోస్తే సరిపోతుంది మామగారూ."

"కోసుకోండి అల్లుడుగారూ."

తలుపుని బయట గోడకి ఆనింపజేశారు. నా భార్య టీ గ్లాసుతో వచ్చి కొత్త గుమ్మంలో నిలబడింది. "రా నాన్నా, నీ కుర్చీ కిటికీ పక్కనే వేశాను. వీధంతా కనపడుతోంది."

ఆయన ఆ గ్లాసు వైపు చూశారు, ఆమె వెనక ఉన్న కుర్చీ వైపు చూశారు. "టీ వద్దులే తల్లీ. ఇవాళ పొద్దుపోయింది" అని వెనక్కి తిరిగారు. పొద్దింకా ఎదురింటి గోడ మీదే ఉంది.

ఆ తర్వాత ఆయన రాలేదు.

వానలు మాత్రం విడవకుండా వచ్చాయి. ఒక్క చుక్క కూడా వరండాలోకి రావడం లేదు. మేస్త్రీ పని అంత బాగా చేశాడు. కిటికీ పక్కన కుర్చీ పొడిగా ఉంది. నా భార్య అలవాటుగా లోపలి గడప మీద కూర్చుని, ఎదురుగా ఆ ఖాళీ కుర్చీని పెట్టుకుని కుట్టుకునేది. గడప మీద కూర్చోకూడదని చెప్పడం నేను మానేశాను.

"ఏమన్నారు మీరు ఆయన్ని?" అంది ఒక రోజు.

"ఏమీ అనలేదే. కాస్త కోస్తే చాలన్నాను, అంతే."

"ఆయన చేసిన తలుపుని కొయ్యమన్నారా!"

"మరి పట్టకపోతే..."

ఆమె సూది దించి నా వైపు చూసిన చూపుకి నేను పంపుహౌసుకి గంట ముందే వెళ్లిపోయాను. మోటార్ల పక్కన కూర్చుని ఆలోచించాను. మళ్లీ తలుపే! దుకాణం తలుపు తెస్తే కోపం, ఆయన తలుపు కోస్తానంటే కోపం. ఆయన్ని కష్టపెట్టకూడదనే అప్పుడు తెచ్చాను, చిన్నబుచ్చకూడదనే ఇప్పుడు సర్దాను. మంచి చెయ్యబోయిన ప్రతిసారీ నా చెయ్యి ఎక్కడ జారుతోందో నాకు అర్థం కాలేదు.

డ్యూటీ దిగి నేరుగా ఆయన షెడ్డుకి వెళ్లాను. స్టూలు తుడిచి, "కూర్చోండి అల్లుడుగారూ" అన్నారు. చిత్రిక ఆగలేదు.

"తలుపు కొయ్యలేదు మామగారూ. ముట్టుకోనైనా ముట్టుకోలేదు. కావాలంటే పైన గోడ పగలగొట్టించి గుమ్మం ఎత్తిస్తాను."

"మీ ఇల్లు, మీ ఇష్టం."

"మీరు రాకపోతే అమ్మాయి బెంగపెట్టుకుంటోంది."

చిత్రిక ఒక్క క్షణం ఆగింది. "మోకాలు బాగోలేదని చెప్పండి" అన్నారు. చెక్క మీది పొట్టు చేత్తో ఊడ్చారు. తర్వాత నాతో కాకుండా ఆ చెక్కతో చెబుతున్నట్టు అన్నారు. "ఒట్టు పెట్టుకున్నప్పుడు నాకు కోపం ఉంది. ఇప్పుడు కోపం లేదు. ఒట్టు ఉంది."

నేను పాత తలుపు గురించే అనుకున్నాను. "అది పాత సంగతి మామగారూ" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసినట్టనిపించింది. దారి పొడవునా ఆ చూపు గురించే ఆలోచించాను గానీ అంతు పట్టలేదు.

కిటికీలకి రంగు వెయ్యడానికి మేస్త్రీ మళ్లీ వచ్చాడు. బయట తలుపు మీద వాన పడకుండా నేను కప్పిన పట్టా తీసి చూశాడు. "ఇంకా బిగించలేదా సార్? రంపం తెచ్చాను, కోసేదా?"

"ఆగు" అన్నాను. ఎందుకు ఆగమన్నానో నాకే తెలియదు.

వాడు మెట్టు మీద కూర్చుని బీడీ తీసి, నన్ను చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "ఒక మాట సార్. ఆ రోజు నుంచీ నా బుర్రలో తిరుగుతోంది. గుమ్మం కాళ్లకి తాత తారు పూశాడు చూశారా? నేలలో దిగేసే కాళ్లకే తారు పూస్తారు, చెమ్మ ఎక్కకుండా. గడప బిగించే గుమ్మానికి తారు పని లేదు. మరిచిపోయినవాడు తారు ఎందుకు పూస్తాడు?"

"ఈ మాట ఆ రోజే చెప్పొచ్చు కదయ్యా!"

"మీరు కళ్లు మూసుకుని దణ్ణం పెడుతున్నారు. దేవుడికీ మీకూ మధ్య నేనెందుకులే అనుకున్నా."

లోపలి గడప మీద నా భార్య చేతిలో సూది ఆగింది. కొత్త గడప వైపు చూసింది. తర్వాత తను కూర్చున్న గడప వైపు చూసుకుంది. మెల్లగా దాని మీంచి లేచింది.

"ఏమండీ, ఆ రోజు నాన్న ఏమని ఒట్టేశారు?"

"ఈ గడప దాటనని."

"ఇప్పుడు ఆ కుర్చీ దాకా రావాలంటే ఏం దాటాలి?"

మేస్త్రీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నేను ఆ చెక్క వైపు చూశాను. అడితిలో నేనే ఏరిన చెక్క. "కానీ ఇది వేరే గడప కదా. ఆయన ఒట్టు పెట్టింది దాని మీద" అన్నాను.

"అయితే వెళ్లి ఆయనకి చెప్పండి, దేవుడికి ఏ గడప లెక్కకొస్తుందో, ఏది రాదో" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అంది.

మర్నాడు పొద్దున దేవుడి ముందు ఎక్కువసేపు కూర్చున్నాను. మూసినా వరండాయే కదా అని మామగారు అడిగింది గుర్తొచ్చింది. గడప లేని గుమ్మం చేసుకుని, ఒట్టు పోకుండా కూతురి దగ్గరికి దారి చేసుకున్నారాయన. ఆ దారికి అడ్డంగా చెక్క వేసింది నేను, అదీ దణ్ణం పెట్టి మరీ. సరే, తీసేస్తాను. తీసేస్తే ఆయన ఒట్టు నిలబడినట్టా, ఒట్టు కళ్లు కప్పినట్టా? ఒక చెక్క ఉంటే తప్పు, లేకపోతే ఒప్పు అవుతుందా? ఆయన నా కంటే భక్తి ఉన్నవాడా, నా కంటే గడుసువాడా? అన్నీ అడిగాను. దేవుడు ఏమీ అనలేదు. మామూలుగా ఆ మౌనాన్ని సరే అన్నట్టుగా తీసుకుని లేచిపోతాను. గడప పెట్టిన రోజు కూడా అలాగే తీసుకున్నాను. అందుకే ఈసారి అలా తీసుకోవడానికి భయమేసింది.

జవాబు తెలియకుండానే లేచి వెళ్లి మేస్త్రీని పిలుచుకొచ్చాను.

వాడు గడప కోసి తీసేశాడు. కోసేసిన కాళ్ల కింద సిమెంటు పోసి నేల సమం చేశాడు. అది గట్టిపడ్డాక బయట వానకి పట్టా కింద దాక్కుని ఉన్న తలుపుని ఇద్దరం మోసుకొచ్చి నిలబెట్టాం. బిగించి వేస్తే ఊపిరి విడిచినంత చప్పుడుతో మూసుకుంది. ఎక్కడా వేలు దూరే సందు లేదు.

సాయంత్రం నా భార్య షాపు నుంచి షెడ్డు మీదుగా వచ్చింది. "ఏం చెప్పావు?" అని అడిగాను.

"తలుపు పట్టింది నాన్నా అని చెప్పాను."

"ఆయనేమన్నారు?"

"రంపం ఆపారు" అంది.

ఆయన మర్నాడు వచ్చారు. మెట్టు ఎక్కి ఆగారు. తలుపు తీసి, వేసి, తీసి చూసుకున్నారు. కింద సిమెంటు రంగు మిగతా నేలతో ఇంకా కలవలేదు, గడప ఉన్న చోటు ఒక చారలా తెలుస్తోంది. ఆ చారని చూశారు. నేను కిటికీ పక్కన నిలబడ్డాను. ఆయన లోపలికి నడిచి వచ్చారు, రోడ్డు మీద నడిచినట్టే. వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. నా భార్య టీ తెచ్చి ఇచ్చి, లోపలి గడప మీద తన చోట్లో కూర్చుంది. ఇద్దరూ షాపులో ఎవరో పొడుగు తక్కువైన చొక్కా కోసం చేసిన గొడవ గురించి మాట్లాడుకున్నారు. ఇన్నాళ్లు రాని సంగతి ఒకరూ ఎత్తలేదు.

వాన మొదలైంది. కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతున్నాయి. ఆయన చెయ్యి చాపి అద్దం తాకి, తడి లేని వేళ్లు చూసుకున్నారు.

"ఏమయ్యా" అన్నారు.

వీధిలో ఎవరినో పిలుస్తున్నారనుకుని అటు చూశాను.

"నిన్నేనయ్యా. ఆ లోపలి గడపకి చెద పట్టినట్టుంది, చూసుకున్నావా? దుకాణం సరుకు కదా. ఎప్పుడో ఒకప్పుడు తీయించెయ్యాలి."

నాకు కంగారు పుట్టింది. గబగబా వెళ్లి టార్చిలైటు తెచ్చాను. నా భార్యని లెమ్మని, మోకాళ్ల మీద కూర్చుని ఆ చివర నుంచి ఈ చివరకి వెలుగు వేసి చూశాను. గోటితో గీకాను. వేలితో తట్టాను. చెక్క గట్టిగా మోగింది. ఎక్కడా పొడి రాలలేదు, చిన్న చిల్లు కూడా లేదు.

"చెద ఎక్కడా కనపడలేదే మామగారూ" అన్నాను.

ఆయన వినపడనట్టు కిటికీలోంచి వీధి చూస్తున్నారు. నా భార్య వంగి నా చేతిలో టార్చిలైటు తీసుకుని ఆర్పేసింది.

"సరిగ్గా చూడండి" అంది.